మూసీ ఒడ్డున చూడదగిన చోట్లు, అవి చెప్పే చరిత్ర

హైదరాబాదుకు చుట్టపుచూపుగా ఎవరు వచ్చినా మనం వాళ్ళను ముందుగా చార్మినార్‌కు తీసుకుపోతాం. మినార్ల కింద నిలబెట్టి ఫోటో తీస్తాం. లాడ్‌బజార్లో గాజులు, పత్తర్‌గట్టీలో ముత్యాలు బేరమాడిస్తాం. ఇంత బిర్యానీ తినిపించి రైలెక్కిస్తాం. పోతూ వస్తూ నయాపుల్ మీద మూసీ దాటేటప్పుడు మాత్రం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొంటాం. ఆ ఒక్క నిమిషంలో రుమాలు తీసి కుడివైపు, ఎడమవైపు చూస్తే కనబడేదంతా ఏమిటో చుట్టాలకు చెప్పేవాళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు ఇంకా తక్కువ.

పురానాపుల్ మొదలుకొని చాదర్‌ఘాట్ దాకా గంటసేపు నడిచే దూరంలో, నదికి రెండు ఒడ్డుల మీద నాలుగు వందల సంవత్సరాలకు మించిన చరిత్ర నిలబడి ఉన్నది. దీంట్లో విశేషం ఏమిటంటే, ఇక్కడ చూడదగిన కట్టడాల్లో ఎక్కువ భాగం రాజులు తాము సుఖంగా ఉండటానికి కట్టుకొన్నవి కావు. ఒకటి వంతెన, ఒకటి దవాఖానా, ఒకటి న్యాయస్థానం, ఒకటి పాఠశాల, ఒకటి కుతుబ్‌ఖానా. అంటే పదిమందికి పనికి వచ్చేవి. వీటిలో చాలా మట్టుకు ఒక పెద్ద ఆపద తరువాత, కన్నీళ్ళు తుడుచుకొని కట్టినవి. ఈ సంగతి తెలిసి చూడటం వేరు, తెలియక చూడటం వేరు. సంఘసేవ అనే మాట పెట్టుకొన్న మన సంచికలో ఈ నాలుగు ముక్కలు రాయటానికి కారణం ఇదే.

నది, పాత వంతెన

మూసీ నది వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పాత పేరు ముచుకుంద అంటారు. నగరంలోకి రాకముందే లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ అనే మరో వాగు దీనితో కలుస్తుంది. 1948లో గాంధీ మహాత్ముడి అస్థికలు కొన్ని ఆ సంగమంలోనే కలిపారు. ఆ చోటునే ఇప్పుడు బాపూఘాట్ అంటున్నాం.

నగరం కంటే ముందు వంతెన పుట్టింది. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయి, నీటికి ఇబ్బంది అయినప్పుడు నది అవతలి ఒడ్డు మీద చూపు పడింది. మచిలీపట్నం రేవుకు పోయే వర్తకులకు కూడా వానకాలంలో మూసీ అడ్డం వచ్చేది. అందువల్ల కుతుబ్‌షాహీ వంశంలో నాలుగవవాడైన ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో రాతి వంతెన కట్టించినాడు. ఇరవైకి పైగా కమానులతో, సుమారు 600 అడుగుల పొడవున కట్టిన ఆ వంతెనే నేటి పురానాపుల్. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే దీన్ని చూసి, పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు అందంలో ఏమంత తీసిపోదని రాసుకొన్నాడు.

ఈ వంతెనను గురించి ఒక ప్రేమకథ అందరికీ తెలిసిందే. వరదలో గుర్రం మీద నది దాటి భాగమతి దగ్గరికి పోయిన కొడుకు కోసం తండ్రి ఈ వంతెన కట్టించినాడని చెప్పుకొంటారు. కథ వినటానికి బాగానే ఉంటుంది. అయితే మహమ్మద్ కులీ కుతుబ్‌షా పుట్టింది 1565లో. వంతెన పూర్తి అయ్యేనాటికి ఆయన వయసు 13 ఏళ్ళు! కాబట్టి కథను కథగానే ఉంచి, బండ్లూ మనుషులూ సరుకులూ క్షేమంగా దాటటానికి కట్టిన వంతెన అనుకొంటేనే కట్టించినవాడికి న్యాయం చేసినట్టు అవుతుంది. ఇప్పుడు పెద్ద బండ్లు పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి. పాత వంతెన మీద కూరగాయల అంగడి సాగుతున్నది. దక్షిణపు కొసన పాత ప్రాకారపు దర్వాజా నిలిచి ఉన్నది. నగరం చుట్టూ ఉండిన దర్వాజాల్లో మిగిలినవి రెండే, ఒకటి ఇది, రెండవది దబీర్‌పురా దర్వాజా.

దక్షిణపు ఒడ్డు: తొలినాటి వైద్యశాల

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్‌ను నడిబొడ్డుగా పెట్టుకొని కొత్త నగరానికి పునాది వేసినాడు. పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ నగరపు నక్షా తయారుచేసినవారు. తోటలు, నీటి కాలువలు, నాలుగు దిక్కులకు నాలుగు బాటలు, మధ్యలో కమానులు ఏర్పాటయ్యాయి. ఇవన్నీ మన చుట్టాలకు చూపిస్తూనే ఉన్నాం. ఐతే నది వైపు నాలుగు అడుగులు వేస్తే దారుల్‌షిఫా అనే మొహల్లా వస్తుంది. దారుల్‌షిఫా అంటే స్వస్థత దొరికే ఇల్లు. 1595లో అదే సుల్తాను అక్కడ రెండంతస్తుల యునానీ వైద్యశాల కట్టించినాడు. రోగులు ఉండే గదులూ, హకీములు శిష్యులకు చదువు చెప్పే వసతీ రెండూ ఒకే చోట ఉండేవి. నగరం పుట్టి నాలుగేళ్ళు కాకముందే దవాఖానా లేచిందంటే, ఊరికి ముందు కావలసింది ఏమిటో ఆనాటివాళ్ళకు బాగా తెలుసునన్నమాట. ఈనాడు ఆ పేరు చెప్పగానే మనకు గుర్తుకు వచ్చేది బస్సు స్టాపు!

ఆ దగ్గరలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉన్నది. 16వ శతాబ్దపు చివరి సంవత్సరాల్లో కట్టిన ఈ కట్టడం గోడల మీద రంగురంగుల పింగాణీ పలకల పని చూసి తీరవలసింది. పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు నాలుగు వందల ఏళ్ళు గడిచినా మెరుస్తూనే ఉన్నాయి. మొహర్రం పదవ నాడు దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయలుదేరే బీబీ కా అలం ఊరేగింపు చార్మినార్, దారుల్‌షిఫాల మీదుగా వచ్చి చాదర్‌ఘాట్ దగ్గర, మూసీ ఒడ్డునే ముగుస్తుంది. దారి పొడుగునా హిందువులు, ముస్లిములు అనకుండా అందరూ నిలబడి దర్శించటం మన నగరం పాత మర్యాద.

ఉత్తరపు ఒడ్డు: అంగళ్ళు, రెసిడెన్సీ

నదికి ఉత్తరాన బేగంబజార్ ఉన్నది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ బేగం హుమ్దా బేగం వర్తకుల కోసం ఇచ్చిన స్థలంలో వెలిసిన బజారు కనుక దానికి ఆ పేరు. రాగి, ఇత్తడి బిందెలు మొదలుకొని మేవా, మసాలాల దాకా నేటికీ చిల్లర దుకాణదార్లు సరుకు కొనేది ఇక్కడే. పక్కనే ఐదవ నిజాం అఫ్జల్ ఉద్దౌలా పేరున అఫ్జల్‌గంజ్ ఉన్నది.

తూర్పుగా పోతే కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ కనిపిస్తుంది. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803లో మొదలుపెట్టించిన భవనం ఇది. పెద్ద పెద్ద తెల్లని స్తంభాలు, రాతి సింహాలు, విశాలమైన మెట్లు చూస్తే లండన్ నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టు ఉంటుంది. ఈ కిర్క్‌పాట్రిక్ దొర హైదరాబాదీ ఉమరా కుటుంబానికి చెందిన ఖైరున్నిసా బేగంను పెళ్ళి చేసుకొన్నాడు. ఆ కథ పుస్తకాలకు ఎక్కింది. కాని మనం మరువకూడనిది మరొకటి ఉన్నది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన జనం ఇదే రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్ ప్రాణం పోయింది. మౌల్వీ సాబ్‌ను అండమాన్‌కు పంపారు. తెల్లదొరల అధికారానికి గుర్తుగా నిలిచిన ఆ భవనంలోకే 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం. ఎంతో కాలం పెచ్చులూడిన ఆ భవనానికి ఇటీవల మంచి మరమ్మతు జరిగింది. పాత కట్టడాన్ని బాగుచేయటం మనవల్ల కాని పని ఏమీ కాదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

1908 తుగ్యానీ

ఇక మూసీ ఒడ్డు చరిత్రలో పెద్ద మలుపు దగ్గరికి వస్తున్నాం. 1908 సెప్టెంబరు 28. దాన్ని పాతవాళ్ళు తుగ్యానీ అనేవారు. కుండపోతగా వాన పడి, ఎగువన ఉన్న చెరువుల కట్టలు ఒకదాని వెనుక ఒకటి తెగి, నది ఒక్కసారి నగరం మీద పడింది. పైప్రాంతంలో ఏడు వందలకు పైగా చెరువులు ఉంటే, వాటిలో రెండు వందలకు మించి తెగిపోయినాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిని రాకపోకలు తెగిపోయాయి. రెండు ఒడ్డులను కలుపుతూ నిలిచింది పాత పురానాపుల్ ఒక్కటే. చనిపోయినవారు సుమారు 15 వేల మంది అని అంచనా. వేలకు వేలు ఇళ్ళు నేలమట్టమైనాయి.

రుబాయీలు రాయటంలో పేరుమోసిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ గారి తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆ వరదలో పోయారు. ఇంటిల్లిపాదిలో ఆయన ఒక్కరే మిగిలారు. తరువాత ఆయన తన గుండెకోతను కవితగా చెప్పుకొన్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహళ్ళ తలుపులు తెరిపించి దిక్కులేనివారికి నీడా, అన్నమూ ఇప్పించినాడు. పండితుల సలహా మీద ఆయన నదికి చీరా, పసుపూ కుంకుమా సమర్పించి హారతి ఇచ్చినాడని పెద్దలు చెప్పుకొంటారు. ముస్లిం పాదుషా హిందూ ప్రజల తృప్తి కోసం అట్లా చేశాడని నేటికీ ఇంటింటా చెప్పుకోవటం చూస్తే, జనం తమ ప్రభువులో ఏ గుణం కోరుకొన్నారో తెలుస్తుంది.

చూడదగిన చోట్లలో అన్నిటికంటే చిన్నది, మా మట్టుకు మాకు అన్నిటికంటే పెద్దది, ఉస్మానియా దవాఖానా ఆవరణలోని చింతచెట్టు. ఆనాడు దాని కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. టిక్కెట్టు లేదు, గైడు లేడు. దగ్గరికి పోయి చెయ్యి వేసి రావచ్చు.

ఆపద తరువాత కట్టినవి

చనిపోయినవాళ్ళ కోసం ఏడ్చి ఊరుకొంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. నిజాం ప్రభుత్వం మైసూరు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నది ఒడ్డున గోడలు కడితే చాలదు, నీటిని నగరానికి ఎగువనే ఆపాలి అని ఆయన చెప్పారు. ఆ ప్రకారం మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినాయి. వరదను ఆపిన ఆ నీళ్ళే మన కుళాయిల్లోకి వచ్చినాయి. 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇరుకు సందులను వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ రాతి కమానుల బజారు కట్టింది.

అప్పుడే నది రెండు ఒడ్డుల రూపమూ మారింది. దక్షిణాన హైకోర్టు. 1915లో మొదలై 1919లో పూర్తి అయి, 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైన భవనం ఇది. నక్షా గీసినవారు జయపురానికి చెందిన శంకర్‌లాల్, రూపకల్పనలో పాలుపంచుకొన్నవారు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్, కట్టించినవారు మన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. ఎర్రరాయీ తెల్లరాయీ కలిసినట్టే ఆ చేతులు కూడా కలిసినాయి. దాని పక్కన 1921 నాటి సిటీ హైస్కూలు, అదే నేటి సిటీ కాలేజీ. ఎదురుగా ఉత్తరపు ఒడ్డున, 26 ఎకరాల ఆవరణలో 1925లో పూర్తి అయిన ఉస్మానియా దవాఖానా. వీటి రూపకల్పన కూడా ఎష్‌దే.

దవాఖానా చరిత్ర ఇంకా పాతది. వరదలో పోయిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి ఇది వారసురాలు. 1888, 1889 సంవత్సరాల్లో డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన క్లోరోఫారం మత్తు మీద ఇక్కడ జరిగిన పరిశోధనలను ప్రపంచమంతా గమనించింది. మన నగరంలోనే వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరు. ఈ పేరు మన ఆడపిల్లలకు చెప్పాలి.

అఫ్జల్‌గంజ్‌లోనే 1891లో మొదలైన ఆసఫియా కుతుబ్‌ఖానా ఉన్నది. 1936లో నది ఒడ్డున ఇప్పటి భవనంలోకి వచ్చింది. దీన్నే స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటున్నాం. ఎత్తైన ఆ హాలులో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ పుస్తకాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. ఉద్యోగాల పరీక్షలకు చదువుకొనే పేదపిల్లలు పొద్దున్నే వచ్చి సీటు పట్టుకొంటారు.

నయాపుల్ దాటగానే దక్షిణాన సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో పోయేనాటికి సేకరించి ఉంచిన వస్తువులూ, ఆయన పెద్దలు సేకరించినవీ 1951లో దివాన్ దేవిడీలో ప్రజల ముందుకు వచ్చాయి. నెహ్రూ గారు ప్రారంభించారు. 1968లో నది ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారాయి. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ముసుగు రెబెకా బొమ్మనూ, గంట కొట్టే గడియారాన్నీ చూసి అందరూ వచ్చేస్తారు. కాసేపు ఆగి ఖురాన్ ప్రతులూ, చేతిరాత గ్రంథాలూ ఉన్న గది కూడా చూడాలని మా మనవి. శుక్రవారం సెలవు.

ఇప్పటి సంగతి

ఇంత గొప్ప చెప్పుకొన్న తరువాత ఉన్నది ఉన్నట్టు కూడా చెప్పుకోవాలి. నదిలో పారేది ఎక్కువగా మురుగు నీరే. 2020 జూలైలో వాననీరు వార్డుల్లోకి రావటంతో ఉస్మానియా పాత భవనం ఖాళీ చేయించారు. రోగులను పక్క భవనాల్లో సర్దారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి పునాది వేశారు. హైకోర్టుకు కూడా 2024 మార్చి 27న రాజేంద్రనగర్ వైపు శంకుస్థాపన అయింది. కొత్త వసతి రావటం మంచిదే. రోగికి, కక్షిదారుకు గాలీ వెలుతురూ ఉన్న చోటు కావాలి, దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఖాళీ అయిన పాత భవనాల గతి ఏమిటన్నదే అసలు ప్రశ్న. గౌలిగూడలో ఒకప్పుడు బస్సు స్టేషనుగా వాడుకొన్న పాత హ్యాంగరు 2018 జూలై 5న కూలిపోయింది. మనుషులు మసలని ఇల్లు ఎంతో కాలం నిలవదని ముసలివాళ్ళు ఊరికే అనలేదు.

అందువల్ల మేము కోరేది ఇది. ఈ భవనాలను తాళం వేసి, బయట రంగుదీపాలు పెట్టి, చూసిపోయే బొమ్మలుగా మార్చవద్దు. ఉస్మానియా పాత భవనానికి మరమ్మతు చేసి అందులో పేదలకు అక్కరకు వచ్చే పని ఏదైనా సాగించాలి. వైద్యచరిత్ర ప్రదర్శన పెట్టవచ్చు, నర్సులకు తరగతులు నడపవచ్చు, చిన్న వైద్యశాల పెట్టవచ్చు. ఏది పెట్టినా తలుపులు తెరిచి ఉండాలి. కోర్టు భవనం సంగతీ అంతే.

నది ఒడ్డును బాగుచేస్తామని పథకాలు వస్తున్నాయి. 2024లో చాదర్‌ఘాట్ పక్క మూసానగర్, శంకర్‌నగర్‌లలో నదిలోపల ఉన్న కొన్ని ఇళ్ళు తీసివేసి, ఆ కుటుంబాలకు వేరే చోట రెండు పడకగదుల ఇళ్ళు చూపించారు. నదిలోపల కాపురం ప్రమాదమే. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చిన సంగతి అందరూ చూశారు. కాని కూలిపనీ, పిల్లల బడీ, రోగుల దవాఖానా అన్నీ ఈ ఒడ్డునే ఉన్నవాళ్ళకు ఇల్లు ఒక్కటే ఇస్తే చాలదు. పనీ, బడీ కూడా దగ్గరలో ఉండాలి. 1908 తరువాత పెద్దలు నదిని బాగుచేసినప్పుడు దాని ఒడ్డున దవాఖానా, బడి, కుతుబ్‌ఖానా పెట్టారు. మనం బాగుచేసేటప్పుడు ఏమి పెడుతున్నామో మనల్ని మనమే అడగాలి.

ప్రభుత్వం చేసేది ప్రభుత్వం చేస్తుంది. మనం చేయగలిగింది కూడా ఉన్నది. వచ్చే ఆదివారం ఇంట్లో పిల్లలను, చుట్టాలను వెంటబెట్టుకొని పొద్దున్నే పురానాపుల్ దగ్గర బయలుదేరండి. కూరగాయలు కొనుక్కొని, దక్షిణపు ఒడ్డునే సిటీ కాలేజీ, హైకోర్టు ముందుగా నడవండి. నయాపుల్ మీదుగా ఉత్తరపు ఒడ్డుకు పోయి చింతచెట్టు చూసి, అఫ్జల్‌గంజ్ కుతుబ్‌ఖానా మీదుగా తిరిగి రండి. మ్యూజియంలో రెండు గంటలు గడపండి. ఎండెక్కేవేళకు దారుల్‌షిఫాలో చాయ్ తాగండి. ప్రతి చోటా పిల్లలను ఒక ప్రశ్న అడగండి, దీన్ని ఎవరి కోసం కట్టారు అని. పిల్లలు సులువుగానే చెప్పగలరు. ఆ జవాబు విన్న తరువాత, అది కూలిపోతుంటే చూస్తూ ఊరుకోవటం పెద్దలమైన మనకు తగదు.